చింపరాని కార్డు

నంద్యాల సంజీవనగర్ గేటు దగ్గర షారోను గ్రాఫిక్స్ అని ఒక గది ఉండేది. దాని యజమానురాలు లూదియా ఆదివారం చర్చిలో పాటలు పాడేది, మిగతా ఆరు రోజులూ వినాయకుడి తొండం కుడివైపా ఎడమవైపా అని తల పట్టుకునేది. పెళ్లి పత్రికలు వేయించుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామందికి తమ ఇలవేల్పు ఎవరో కూడా ఆమే గుర్తుచేయాల్సి వచ్చేది. మీ అన్నగారి పత్రిక మీద అహోబిలం నరసింహస్వామిని వేశాం, మీ పత్రిక మీద ఇంకొకరిని వేస్తే మీ పెద్దమ్మ ఊరుకోదు అని చెప్పి ఒప్పించేది. దేవుళ్లతో ఆమెకు ఏ పేచీ లేదు. పేచీలన్నీ వాళ్ల భక్తులతోనే.

పదిహేడో ఏట అచ్చాఫీసులో సీసం అక్షరాలు పేర్చే పనిలో చేరింది. అక్కడ అన్నీ తిరగేసి చదవాలి కాబట్టి అదే అలవాటై, బస్సులో ఎదుటి మనిషి ఒళ్లో పరుచుకున్న పేపరును అతనికంటే ముందే చదివేసేది. 1996లో ఆ అచ్చాఫీసు మూతపడింది. లూదియా కంప్యూటరు నేర్చుకుని సొంతంగా గది తీసుకుంది. ఆమె మొగుడు పౌలు గోడల మీద అక్షరాలు రాసేవాడు. ఇంట్లోకి శత్రువును తెచ్చిపెట్టినట్టు ఆరు నెలలు ఆ కంప్యూటరు వైపు చూడలేదు. ఏడో నెలలో అందులో పేకాట ఉందని తెలిసింది. ఆ తర్వాత అతన్ని దాని ముందు నుంచి లేపడమే ఒక పనైపోయింది.

ఆమె చేయని పని లేదు. వరి విత్తనాల సంచుల మీద బొమ్మలు వేసింది. ఉరుసు కరపత్రాలు, భజన పుస్తకాలు, క్రిస్మస్ నాటకం టికెట్లు వేసింది. ఒకసారి పాణ్యం నాటక సమాజం వాళ్లు వాల్‌పోస్టరులో ఎవరి తల పెద్దదిగా పడాలో తేల్చుకోలేక ఆమె గదిలోనే కలబడబోయారు. లూదియా స్కేలు తీసి తలలన్నీ కొలిచి ఒకే సైజు చేసింది. అప్పుడు వాళ్లంతా ఏకమై ఆమెను తిట్టారు. సమాజంలో ఐకమత్యం తేవడానికి అంతకు మించిన దారి లేదని ఆమె తర్వాత చాలామందికి చెప్పింది.

అయితే ఆమెకు పేరు తెచ్చింది పసుపు మూలలు. పెళ్లివారింట్లో ఐదారు వందల పత్రికలు ముందేసుకుని ఆడవాళ్లు ఒక్కో దానికీ నాలుగు మూలలా పసుపు పెట్టాలి. పసుపు తడికి అట్ట ఉబ్బేది, అక్షరాలు అలుక్కుపోయేవి, నడుములు పట్టేసేవి. లూదియా ఆ పసుపును వేలితో అద్దినట్టే మూలల్లో అచ్చు వేయించింది. అచ్చు పసుపు కూడా పసుపేనా అని ముసలాయనలు సణిగారు. అయితే మీరే కూర్చుని పెట్టండి అని ఇంట్లో ఆడవాళ్లు అనేసరికి సణుగుడు ఆగిపోయింది.

ఆ పసుపు రంగు అంత సహజంగా రావడానికి కారణం ఆళ్లగడ్డ కమలాక్షమ్మ. ఆమె ఇరవై నాలుగేళ్లకే మొగుణ్ణి పోగొట్టుకుని, ఐదేళ్ల కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని పసుపు మిల్లు నడిపిన మనిషి. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఏ పెళ్లికైనా ఆమె కొట్టించిన పసుపే వెళ్లేది. ఆమె మాత్రం వెళ్లేది కాదు. 1997లో తన పసుపు పొట్లానికి బొమ్మ వేయించడానికి నంద్యాల వచ్చి, లూదియా చూపించిన రంగును కాసేపు చూసింది.

"ఇది పసుపు కాదు పాపా, కామెర్లు" అంది.

కొంగుముడి విప్పి గుప్పెడు పసుపు తీసింది. బల్ల మీద పోయబోయి ఆగింది. నువ్వు కిరస్తానం పిల్లవు గదా, నీకు పట్టింపు ఉండదులే అని నేరుగా లూదియా అరచేతిలోనే పోసింది. అంగట్లో ఆమె ముత్తైదువ చేతికి పసుపు అందించేది కాదట, తక్కెడ సిబ్బిలో పెట్టి ముందుకు నెట్టేదట. ఆ సంగతి లూదియాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఇద్దరూ రంగుతో కుస్తీ పట్టారు. పొట్లం మీద దేవుడి బొమ్మ వేద్దామంటే ముసలామె వద్దంది. పసుపు అయిపోయాక జనం పొట్లాన్ని పెంటలో పారేస్తారని, దేవుడు పోయి పోయి పెంటలో పడటం ఎందుకని అడిగింది. చివరికి రెండు పసుపు కొమ్ములు వేశారు. పౌలు వాటిని చూసి అల్లం అన్నాడు. కమలాక్షమ్మ అతన్ని బయటికి పంపించేసింది.

ఐదేళ్ల తర్వాత, మాఘమాసంలో కమలాక్షమ్మ పోయింది. మనవడు సాయినాథ్ పెద్దకర్మ కార్డులు వేయించడానికి నంద్యాల వచ్చాడు. మాఘమంటే లూదియాకు పుట్టెడు పెళ్లిళ్లు. ముసలామె ఫొటో చూసి ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లు తుడుచుకుని, ముందురోజు చేసిన పెళ్లి పత్రికనే కంప్యూటరులో తెరిచి, దేవుణ్ణీ జంటనూ తీసేసి, ఫొటో పెట్టి, కొత్త మాటలు కొట్టింది. నాలుగు మూలల పసుపు కదలకుండా తాళం వేసి పెట్టుకోవడం ఆమె అలవాటు. అది అక్కడే ఉండిపోయింది. చూసి సంతకం పెట్టమని సాయినాథ్‌కు ఇచ్చిన నమూనా కాగితం నలుపు తెలుపుది. లేత పసుపు అందులో కనబడదు. అతను తేదీ, టైము, తన పేరు చూసుకుని సంతకం పెట్టాడు. మూడు వందల కార్డులు రంగుల్లో అచ్చయి, కట్ట కట్టుకుని, విప్పకుండానే ఆళ్లగడ్డ బస్సెక్కాయి. సాయినాథ్ ఆ సాయంత్రమే చీకట్లో సైకిలు మీద తిరిగి నూట నలభై ఇళ్లకు పంచేశాడు.

మర్నాడు పొద్దున్నే కమలాక్షమ్మ కొడుకు విశ్వేశ్వరయ్య ఫోను చేశాడు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే లూదియాకు కాస్త తేలికయ్యేది.

"లూదియమ్మా, మా అమ్మకు పెండ్లి చేసినావా?" అని అడిగాడు.

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కంప్యూటరులో ఆ కార్డు తెరిచి నాలుగు మూలలూ చూసింది. విశ్వేశ్వరయ్య ఒక్క మాటే చెప్పి పెట్టేశాడు. ఇంక తమ షావుకార్ల ఇళ్లలో ఆమె చేత్తో పెళ్లి పత్రిక పడదని. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా షావుకార్లంతా ఒకరికొకరు బంధువులే. ఆమెకు వచ్చే పెళ్లి పత్రికల్లో ముప్పాతిక భాగం వాళ్లవే. అవి పోతే షారోను గ్రాఫిక్స్‌లో మిగిలేది పౌలు పేకాట ఒక్కటే. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి. చెయ్యి చాపి అరచేతిలో పసుపు పోసిన మనిషికి చివర్లో ఇలాంటి అవమానం చేశానే అని ఆమె ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

కార్డులు మళ్లీ వేయించింది. ఈసారి మూలలు తెల్లగా ఉన్నాయో లేదో కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చూసింది. తోడు వస్తానన్న పౌలును వద్దంది. అతనికి కష్టం వచ్చినప్పుడే నవ్వు వస్తుంది. ఒక్కతే బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగి, పాతది తీసుకుని కొత్తది ఇస్తూ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది.

ఊరు అప్పటికే పెద్ద చిక్కులో పడి ఉంది. చావు కార్డును చదివి చింపేయాలి, ఇంట్లో ఉంచకూడదు. పసుపు పెట్టిన కార్డును చింపకూడదు, కింద పడేయకూడదు. మరి రెండూ ఒకటే అయితే ఏం చేయాలో ఏ శాస్త్రంలోనూ లేదు. ఒక ఇంట్లో దాన్ని గడప మీద సరిగ్గా సగం లోపల, సగం బయట పెట్టి పైన రాయి ఉంచారు. ఒకాయన లోపలికి తీసుకెళ్లలేక, బయట పారేయలేక సైకిలు క్యారియర్‌కు తగిలించుకుని రెండు రోజులుగా ఊరంతా తిప్పుతున్నాడు. ఇంకో ఇల్లాలు మూలలు మాత్రమే చూసి, పట్టు చీర బయటికి తీసి, చదివింపులు ఏమిద్దామని మొగుణ్ణి అడిగింది. ఒకాయన పురోహితుణ్ణి అడిగితే, ఆయన బాగా ఆలోచించి, లూదియా వచ్చేదాకా ఆగమన్నాడట. తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చిన లూదియాకు ఇంటింటా మజ్జిగ ఇచ్చారు. పీడ విరగడైనట్టు కార్డు ఆమె చేతిలో పెట్టి తలుపులు వేసుకున్నారు.

రెండో రోజు పొద్దున పాత మార్కెట్ వెనక సందులో రామేశ్వరమ్మ ఇంటికి వచ్చింది. డెబ్బై ఏళ్ల ముసలామె అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ ఉంది. కార్డు ఇవ్వమంటే ఇవ్వలేదు.

అది చావు కార్డని, పొరపాటున పసుపు పడిందని, ఇంట్లో ఉండకూడదని లూదియా ఓపిగ్గా చెప్పింది. ముసలామె అంతా విని మళ్లీ చింతపండు మీదికి వంగింది.

"అది నాకుండనీ పాపా" అంది. "పసుపు పెట్టిన కాయితం నా పేరు మీద వచ్చి నలభై ఐదేండ్లయింది. కమలాక్షీ నేనూ ఒకే ఏడు మొగుణ్ణి పోగొట్టుకొని చెడిపోయినోళ్లం."

చావు కార్డు కాబట్టి అది ఆమె పేరు మీదే వచ్చింది. పెళ్లి పత్రికలు ఆ ఇంటికీ వస్తాయి. కొడుకు పేరు మీద వస్తాయి, కోడలి చేతికి ఇస్తారు, ముసలామె పెరట్లో ఉంటుంది. అన్ని వందల పెళ్లి పత్రికలు వేసిన లూదియాకు ఆ మాట ఏనాడూ తట్టలేదు. అక్కడే అరుగు మీద కూర్చుని ఏడ్చింది. పసుపు అమ్మినామెకు పసుపు లేదు, పసుపు కార్డును వదల్లేని ముసలాళ్లకు పసుపు లేదు, ఏ తప్పు చేశారని? ఎవడు రాసిన రూలో గాని, రాసినవాణ్ణి పట్టుకొచ్చి ఈ అరుగు మీద ఒక్క పూట కూర్చోబెట్టాలి.

ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. వితంతువు ఉన్న ఇంటికి వెళ్లి కొత్త కార్డు ఇచ్చి, పాతదాని సంగతి చెప్పి ఊరుకునేది. కొందరు ఇచ్చారు. కొందరు మాట మార్చారు. ఒకామె కార్డు పోయిందని చెప్పింది, అది ఆమె రవికలోంచి కనబడుతూనే ఉంది.

సాయంత్రానికి పాత కార్డుల కట్ట తీసుకుని విశ్వేశ్వరయ్య ఇంటికి వెళ్లింది. ఆయన కర్మలో ఉన్నాడు, వసారాలో చాప మీద కూర్చుని ఉన్నాడు. కట్ట తీసుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. షావుకారు లెక్క తప్పదు.

"పదకొండు తక్కువ. యాడున్నాయి?"

లూదియా పదకొండు పేర్లూ చెప్పింది. రామేశ్వరమ్మ అన్న మాటా చెప్పింది. "నేను అడగలేకపోయినా అప్పా. నన్నేమన్నా అనండి, వాళ్ల దగ్గరికి మనిషిని పంపొద్దు" అంది. అది చెప్పేటప్పుడు తన గదీ, రావాల్సిన పత్రికలూ ఆమెకు గుర్తుకు రాలేదంటే అబద్ధం. గుర్తుకు వచ్చాయి. అయినా చెప్పింది.

విశ్వేశ్వరయ్య కట్టను చాప మీద పెట్టాడు.

"మా నాయన పోయిన పదోనాడు ఈ వసారాలోనే అమ్మ మొగాన పసుపూ కుంకుమా కడిగించినారు" అన్నాడు. "నాకు ఐదేండ్లు. నేను ఆ స్తంభం పట్టుకొని చూస్తాన్నా. యాభై ఏండ్లు వచ్చినా, ఇట్లాంటిది ఆపల్లని నాకు తోచనే లేదు."

కట్టలోంచి ఒక కార్డు తీసి పక్కన పెట్టుకున్నాడు. ఇంట్లో ఉంచకూడదేమో అని లూదియా మెల్లగా అంది. ఇది మా అమ్మ ఇల్లు అని ఆయన బదులిచ్చాడు. లోపల ఎవరో దీపం పెడుతున్నారు. లూదియా లేచి, కొత్త కార్డులు గోడవారగా పెట్టి, చెప్పులు వేసుకుంది. ఆయన వెనక నుంచి పిలిచాడు.

"వచ్చే మాఘానికి ఏడాది తిరుగుతుంది. మా పాప సౌమ్య పెండ్లి చెయ్యల్ల. పత్రికలు నువ్వే వెయ్యి" అన్నాడు. "నీ అచ్చు పసుపు మాత్రం వద్దు. మూలలు ఖాళీగా ఇడ్సిపెట్టు. రామేశ్వరమ్మనూ ఆ పదిమందినీ ఈడికే పిలుస్తా. వాళ్ల చేత్తో పెట్టిస్తా."

లూదియా సంచిలోంచి నోటుపుస్తకం తీసి, వసారాలో నిలబడే రాసుకుంది.