కాబ్లర్ కోసం తెచ్చిన మల్గోవా పళ్లు

బంగారుపాళ్యం దాటాక హైవే పక్కన ఉన్న మామిడి గుజ్జూ, పాకంలో నిలవచేసిన డబ్బా ముక్కలూ తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను తొమ్మిది సీజన్లు ల్యాబులో పనిచేశాను. పండులో తీపి ఎంత, పులుపు ఎంత అని పరీక్షించి రాసివ్వడం నా పని. పొద్దున ఏడింటికి చిత్తూరులో కంపెనీ బస్సు ఎక్కితే సాయంత్రం మళ్లీ అదే బస్సులో ఇంటికి. ఎనిమిది సీజన్ల పాటు నన్నక్కడ వంట గురించి ఎవరూ అడగలేదు. తొమ్మిదో సీజన్లో మేనేజరు పిలిచి ఒక కాగితం చేతికిచ్చాడు.

"వచ్చే వారం విదేశాల నుంచి కొనేవాళ్లు వస్తా ఉండారమ్మా. మన డబ్బా ముక్కలతో ఏదన్నా స్వీటు చేసి పెట్టాల. ఇదిగో, ఇది చెయ్యి."

కాగితం మీద ఇంగ్లీషులో ఉంది. ఫ్రూట్ కాబ్లర్ అట, పళ్లతో ఓవెన్లో చేసే స్వీటు, బేకింగ్ మిక్స్‌తో, సులభంగా.

"నేనా సార్?"

"ఆడమనిషివి కదా. వంట నీకు గాక ఎవరికి వస్తాది?"

ల్యాబులో నా పక్కన కూర్చునే ఆయన పెళ్లికి ముందు ఐదేళ్లు తన వంట తానే వండుకున్న మనిషి. ఇప్పటికీ వాళ్లింట్లో ఆదివారం దోసెలు ఆయనవే. ఆయన తల ఎత్తకుండా మైక్రోస్కోపులోకి చూస్తూ ఉండిపోయాడు. నాకు ఒళ్లు మండింది. అయినా కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

నిజం చెప్పాలి కదా, బస్సులో కూర్చుని అది చదివాక కొంచెం ముచ్చట కూడా వేసింది. గిన్నెలో వెన్న కరిగించాలి. ప్యాకెట్లో దొరికే బేకింగ్ మిక్స్‌లో చక్కెర, పాలు పోసి జారుగా కలిపి ఆ వెన్న మీద వంచాలి. పైన పళ్ల ముక్కలు పరచాలి. ఇక గరిటె పెట్టకూడదు. ఓవెన్లో వేడి తగిలితే పిండి తనంతట తానే ముక్కల సందుల్లోంచి పొంగి పైకి వచ్చి బంగారు రంగుకు తిరుగుతుందట. అంతే పని. పులియబెట్టేది లేదు, గుడ్లు గిలక్కొట్టేది లేదు.

మా ఇంట్లో చిన్న ఓవెన్ ఉంది. ఆ వారం తిరుపతి వెళ్లినప్పుడు సూపర్ మార్కెట్లో మిక్స్ ప్యాకెట్లు తెచ్చుకున్నాను. మొదటిసారి గరిటె పెట్టకుండా ఉండలేకపోయాను. చేయి ఊరుకోలేదు, కలిపేశాను. పైగా డబ్బా ముక్కలకు అంటుకున్న పాకమంతా పిండిలో పడింది. అడుగున ముద్ద, పైన మాడు. మా అత్త చెంచాతో కొంచెం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంది మే, పాయసమా, ఉప్మానా?"

రెండోసారి పొంగింది కానీ గొంతు పట్టేసేంత తీపి. పాకం వార్చేసి, సగం డబ్బా ముక్కలు, సగం తాజా పండు ముక్కలు వేస్తే సరిపోతుందనిపించింది. ఆ మాటే మర్నాడు మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒక అక్కతో అన్నాను.

ఆమెను నేను అక్కా అనేదాన్ని. నన్ను ఆమె పాపా అనేది, నాకు నలభై దాటినా. పూతలపట్టు దగ్గరి ఊరు. పళ్లు కోసే టేబుళ్ల దగ్గర పదిహేనేళ్ల నుంచి నిలబడి పనిచేస్తోంది. ఆమె కత్తి పెడితే టెంక ఎక్కడుందో పండే చెప్పినట్టు రెండు చెంపలూ చక్కగా విడిపోయేవి. సొన తగిలి తగిలి వేళ్ల చివర్లు నల్లబడిపోయి ఉండేవి. సీజన్ అయిపోయిన తర్వాత కూడా ఆ నలుపు పోదనేది.

"మా ఇంటి ముందర మల్గోవా సెట్టు ఉండాది పాపా. ఈ తోతాపురి దేనికి పనికొస్తాది, గుజ్జుకి తప్ప. రేపు నాలుగు కాయలు తెస్తా, దాంతో సేసి సూడు."

"గేటు దగ్గర ఏమన్నా అంటారేమో అక్కా."

"సూపించే తెస్తాలే."

చూపించే తెచ్చింది. ఆ సంగతి నాకు తర్వాత ఆమె వెనకే వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు చెప్పారు. పొద్దున గేటులో ఉన్న వాచ్‌మన్ సంచిలోకి చూసి, పో పో అన్నాడు. కానీ ఆ రోజు నన్ను గుజ్జు నమూనాలతో తిరుపతి పంపారు. పళ్లు ఆమె సంచిలోనే ఉండిపోయాయి. నేను తిరిగి వచ్చేసరికి షిఫ్టు వదిలే వేళ. గేటు దగ్గర ఆడవాళ్ల వరుస కదలడం లేదు.

ఆమె సంచి నేల మీద బోర్లించి ఉంది. టిఫిన్ డబ్బా మూత ఊడి దొర్లింది. మిగిలిన రాగిసంగటి ముక్క దుమ్ములో పడింది. మార్చుకోడానికి తెచ్చుకున్న జాకెట్టు, దువ్వెన, మాత్రల చీటీ, అన్నీ అందరి కాళ్ల దగ్గర. వాటి మధ్య నాలుగు పళ్లు. సెక్యూరిటీ ఆఫీసరు లాఠీతో ఒక పండును కదిలిస్తున్నాడు. ఆ సీజనే వేరే జిల్లా నుంచి వచ్చినవాడు.

"ఎన్ని రోజుల నుంచి తీసుకుపోతున్నావు? నిజం చెప్పు."

"మా సెట్టువి సార్. పొద్దున గేటు కాడ సూపించినాను."

పొద్దుటి వాచ్‌మన్ డ్యూటీ దిగి వెళ్లిపోయాడు.

నేను వరుసను తోసుకుంటూ ముందుకు వెళ్లాను. "నాకోసం తెచ్చింది. నేనే తెమ్మన్నాను."

"మీరు ఊరుకోండి మేడం. వీళ్ల సంగతి మీకు తెలీదు."

'వీళ్లు' అన్న ఆ మాటకు వెనకున్న ఆడవాళ్లంతా ఒక్కసారి తల ఎత్తారు. నేను వంగి ఒక పండు తీశాను.

"ఇది మల్గోవా. గుండ్రంగా ఉంది, చూడండి. మన ఫ్యాక్టరీలోకి వచ్చేది తోతాపురి. పొడుగ్గా, కొసన ముక్కుతో ఉంటుంది. ఈ కాంపౌండు మొత్తం వెతికినా మల్గోవా ఒక్కటి దొరకదు. లేని పండును ఎట్లా దొంగిలిస్తుంది?"

ఆయనకు తేడా తెలియదు, నిజంగానే తెలియదు. అందుకే మేనేజరు బయటికి వచ్చినప్పుడు నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. మామిడి తోటల్లో పుట్టి పెరిగిన మనిషి ఆయన. లోడు లారీ మీద ఉండగానే, వాసన బట్టి ఏ వైపు తోటదో చెప్పగలడు. పండు ఆయన చేతికిచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తెలిసిపోయింది, ఆయన కళ్లలో నాకు కనిపించింది. పండు గేటు దగ్గరి టేబులు మీద పెట్టేసి అన్నాడు:

"ఏ పండైతే ఏందమ్మా. లోపల్నించి పండు బయటికి పోకూడదు, అది రూలు. ఇంకోసారి ఇట్లా చెయ్యనని రాసి సంతకం పెట్టమను. దీంతో అయిపోతాది."

తెలియనివాడి తప్పు ఒకటి, తెలిసినవాడి తప్పు ఇంకొకటి.

అక్క అంతసేపూ ఏడవలేదు. కాగితం, పెన్ను ముందుకు తోసినప్పుడు నేరుగా మేనేజరునే అడిగింది.

"నా సెట్టు కాయకి నేనేల సార్ తప్పు ఒప్పుకునేది? పదైదేండ్లు మీ కాయలు కోసినా. ఒక్క ముక్క నోట్లో ఏసుకోలా. ఈ పొద్దు దొంగని సేస్తిరి."

తలకు పెట్టుకున్న ఫ్యాక్టరీ టోపీ తీసి కాగితం మీద పెట్టింది. డబ్బా, జాకెట్టు, దువ్వెన ఏరుకుని సంచిలో వేసుకుంది. పళ్లు ముట్టుకోలేదు. హైవే వైపు నడిచి వెళ్లిపోయింది.

నేను ఆమె వెంట పోలేదు. కంపెనీ బస్సు హారన్ కొడుతోంది, ఎక్కి కూర్చున్నాను. మేనేజరు మీద ఎంత కోపం వచ్చిందో, ఆ సీట్లో కూర్చున్న నా మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది.

మర్నాడు తిన్నగా మేనేజరు గదికి వెళ్లాను.

"ఆమెను పిలిపించి, అదే గేటు దగ్గర, అందరి ముందూ తప్పయిందని చెప్పండి సార్. చెప్పేదాకా నేను కాబ్లర్ చెయ్యను."

ఆయన నవ్వాడు. "ఒక కూలామె కోసమా? చదువుకున్నదానివి. ఊరికే పెద్దది చెయ్యబాక."

"పెద్దది చేసింది మేం కాదు సార్. మీ విదేశీ వాళ్లొచ్చిన రోజు ఆ వంట కాగితమే ప్లేట్లో పెట్టి ఇవ్వండి."

బయటికి వచ్చాను. నా ఒక్కదాని మాటతో ఏమవుతుందని అనుకుంటూనే ఉన్నాను. కానీ ఆ మరుసటి పొద్దున బస్సు దిగేసరికి గేటు ముందు ఒక దృశ్యం. షిఫ్టుకు వచ్చిన ఆడవాళ్లు నలభై మందికి పైనే వరుసగా నిలబడి ఉన్నారు. ప్రతి ఒక్కరి చేతిలో ఇంటి నుంచి తెచ్చిన ఒక మామిడి పండు. ముందు నిలబడింది టేబుళ్ల దగ్గర అందరికన్నా పెద్దామె, బోసినోటి ముసలామె. ఇదంతా ఆమె ఆలోచనే.

"రాసుకో అబ్బా," అంటోంది వాచ్‌మన్‌తో. "ఇది బేనీషా. మా అల్లుడి తోటది. నా పేరు రాసి, కాయ పేరు రాసి, సంతకం పెట్టి చీటీ ఇయ్యి. సాయంత్రం నన్ను దొంగ అనకుండా."

"అవ్వా, లోపలికి పోండి, తర్వాత చూస్తాం."

"తర్వాత లేదు. రాసినాకనే పోతాం."

ఆమె తర్వాత ఇంకొకామె. "ఇది నీలం. ఇంకా పండలా. అది కూడా రాయి, పచ్చిది అని." ఆ వెనక ఇంకొకామె తన పండు ఏ రకమో తనకే తెలియదని, ఆఫీసరు సారు చూసి చెప్పాలని పట్టుబట్టింది. వరుసంతా నవ్వు. ఆఫీసరు ముఖం ఎర్రబడింది. లోపల పళ్లు మోసే బెల్టు ఖాళీగా తిరుగుతోంది, పళ్ల లారీలు హైవే మీద బారు తీరాయి. వాచ్‌మన్ రాస్తూనే ఉన్నాడు. పది గంటలైంది. మేనేజరు రెండుసార్లు కిటికీలోంచి చూశాడు. మూడోసారి జీపు పంపాడు, అక్క ఊరికి.

ఆమె జీపులో రాలేదు. జీపును వెనక్కి పంపేసి, ఒంటిగంటకు బస్సులో వచ్చింది, పండగకు కట్టుకునే చీరతో. సెక్యూరిటీ ఆఫీసరు గేటు దగ్గర నిలబడి నేలను చూస్తూ ఏదో గొణిగాడు.

"ఇనపళ్లా సార్," అంది ఆమె.

"తప్పయింది. పళ్లు నీవేనని తెలిసింది."

"ఆ పొద్దు గట్టిగా అరిస్తివే. ఇది కూడా అంత గట్టిగా సెప్పు."

గట్టిగానే చెప్పాడు. మేనేజరు మాత్రం బయటికి రాలేదు, ఏదో ఫోనులో ఉన్నాడట. నేను టోపీ తెచ్చి ఇవ్వబోతే ఆమె నా చేయి పట్టుకుని ఆపింది.

"పని సేసేదానికి రాలేదు పాపా. ఆ మాట వినేదానికి వచ్చినా. నువ్వు గమ్మున పోయి నీ వంట సేసుకో. తప్పయిందంటే సేస్తానని మాటిచ్చినావంట కదా."

మాటిచ్చాను కాబట్టి చేశాను. విదేశీయులు వచ్చిన రోజు రెండు పెద్ద ట్రేలు. ఈసారి గరిటె పెట్టలేదు. పిండి ముక్కల మధ్య నుంచి పొంగి, అంచుల్లో వెన్న బుడగలు కట్టి, ఏలకుల వాసనతో దిగింది. ఏలకులు నా సొంతం, కాగితంలో లేవు. వాళ్లు రెండోసారి వడ్డించుకున్నారు. మేనేజరు పొంగిపోయాడు. వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ ఒక ముక్కను ఫోర్కుతో ఎత్తి చూసి, ఇంత సమంగా ఎట్లా కోస్తారని అడిగింది.

"అంతా మెషీనే మేడం," అన్నాడు మేనేజరు.

మూడు రోజులుగా పళ్ల బిగువున ఆపుకున్నదంతా అక్కడ బయటికి వచ్చేసింది. నాకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను, మెషీన్ కాదు, ఆడవాళ్లు చేతులతో కోస్తారు, రోజంతా నిలబడి కోస్తారు, కావాలంటే రండి చూపిస్తాను అని. ఆవిడ వెంటనే ప్లేటు పక్కన పెట్టి లేచింది. టేబుళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. బోసినోటి ముసలామె కత్తి ఆపకుండానే ఆవిడను పైనుంచి కిందికి చూసి, "ఈయమ్మకు ఏం కావాలంట?" అని నన్నడిగింది. చెప్పాను. "సూడమను," అని ఇంకో పండు అందుకుంది.

మరుసటి సీజన్‌కు నాకు పిలుపు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు చిత్తూరులోనే ఒక రక్తపరీక్షల ల్యాబులో పని. ఇక్కడ కూడా తీపి ఎంతుందో చూసేదే, మనుషుల్లో.

అక్క టమాటా తోటల్లో పనికి పోతోంది. మామిడి రోజులు దాటాక, నేరేడు పళ్లు రాలే ఆదివారం ఒకటి చూసుకుని, ఒక మిక్స్ ప్యాకెట్ పట్టుకుని వాళ్ల ఊరికి పోయాను. ఓవెన్ లేదు. ప్రెజర్ కుక్కర్ అడుగున ఉప్పు పోసి, విజిల్ తీసేసి, గిన్నె లోపల పెట్టాం. నేరేడు గింజలు తియ్యడానికే గంట పట్టింది. ఇద్దరి చేతులూ ఊదా రంగుకు తిరిగాయి. అది పొంగుతోందో లేదోనని ఆమె మూత తియ్యబోవడం, నేను ఆపడం. చివరికి దిగింది, పైన రంగు రాలేదు కానీ లోపల మెత్తగా ఉడికింది. ఆమె కోడలికి, పక్కింటి వాళ్లకు చెంచా చెంచా పంచింది. తాను కూడా తింది.

"బాగుండాది," అంది. "సక్కెర జాస్తి పడింది. ఆ ప్యాకెట్టులో ఏముంటాదో సెప్పు, మైదానా? అట్లయితే ఇంట్లోనే కలుపుకుందాం."

మైదా, సోడా, ఉప్పు అని చెప్పాను. కోడల్ని పిలిచి రాసుకోమంది.