ముత్యమ్మ పంపని మాట

గాజు సీసా శుభ్రంగా ఉందో లేదో లక్డారం ముత్యమ్మ కంటితో చూడదు. వేలితో రాసి, కీచుమంటే సరే అంటుంది, లేకపోతే మళ్లీ నురగలో ముంచుతుంది. ముత్తంగి చౌరస్తా దాటాక ఒక చిన్న ల్యాబు ఉంది. అక్కడ ఆమె ఆరేళ్లుగా సీసాలు కడుగుతోంది. ఉన్న రెండెకరాలు ఫ్యాక్టరీల కిందికి పోయాక భర్త ఎల్లయ్య గేటు దగ్గర కాపలాకి కుదిరాడు, తను ఈ పనికి కుదిరింది. ఆ సీసాల్లో బ్యాక్టీరియా ఉంటుందని, చేతులకు తొడుగులు లేకుండా ముట్టకూడదని మొదటి రోజే హెచ్చరించారు. "మా ఆడబిడ్డ నోటికే భయపడలే, దీనికి భయపడ్తనా?" అంది ముత్యమ్మ.

భయం లేదు గాని, దిగులుంది. బొంతపల్లిలో ఉన్న తోడబుట్టిన అక్క రాధమ్మతో ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. తల్లి పోయినప్పుడు రాధమ్మ వచ్చేసరికి చితి అంటుకుని ఉంది. కడసారి చూపు దక్కలేదు. పొద్దు పోతోందని పెద్దమనుషులు తొందరపెట్టారని ఊళ్లో చెప్పుకున్నారు. రాధమ్మ ఎవరితోనూ ఒక్క మాట అనకుండా, వచ్చిన ఆటోలోనే తిరిగి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ముత్యమ్మ కబుర్లు పంపుతూనే ఉంది. బొంతపల్లి వీరభద్రుడి జాతరకు వెళ్లే ప్రతివాళ్ల చేతా పంపింది. "మీ చెల్లె అడిగింది, మంచిగున్నవా అన్నది" అని వాళ్లు చెప్పి వచ్చేవాళ్లు. జవాబు మాత్రం వచ్చేది కాదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. రెండుసార్లు తనే బొంతపల్లి దాకా వెళ్లి, గుళ్లో కొబ్బరికాయ కొట్టి, అక్క ఇంటి సందు మొదట్లో నిలబడి బస్సెక్కేసింది. అక్క చేతి పచ్చిపులుసు గుర్తొస్తే ఇప్పటికీ అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంది. "కబుర్లు పంపుడేగాని నువ్వు పోయేది లేదు" అని ఎల్లయ్య విసుక్కుంటాడు. విసుక్కోడం సులువే, తోడబుట్టింది అతనికి కాదుగా.

ల్యాబులో ఆమెకు ఇష్టమైన మనిషి అక్కడ పరిశోధన చేసే తేజస్విని. వాళ్ల నాన్న భీమశంకరం ఫ్యాక్టరీ ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పిల్ల పుట్టింది పటాన్‌చెరులోనే, మాటతీరు మాత్రం తల్లి నేర్పిన కోస్తాది. ఒకరోజు ముత్యమ్మ రెండు సీసాలు చూపించి, వీటిలో ఏముందని అడిగింది.

"ఇవి మాట్లాడే కణాలు, అవి వినే కణాలు" అంది తేజస్విని. "కణాలు మామూలుగా ఏదో ఒక రసాయనం వదిలి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి ముత్యమ్మగారూ. ఆ పిలుపుకి ఒక్కటే అర్థం. మేం అలా కాదు. చెప్పాల్సింది డీఎన్ఏలో రాసి, దారం లాంటి ఒక సన్నటి వైరస్‌లో పెట్టి పంపిస్తాం. అది మోసుకుపోతుంది, అంతే. లోపలేముందో దానికి తెలియదు. అవతలి కణం తీసుకుని, అందులో ఉన్నట్టు చేస్తుంది. మేం రాసింది పచ్చగా వెలగమని."

"ఏం రాస్తే గది పోతదా?"

"ఏం రాస్తే అది."

"ఏం రాయకపోతే?"

"వైరస్ ఉత్త సంచిలా పోతుంది. కబురు పోదు" అని నవ్వింది తేజస్విని.

ముత్యమ్మ నవ్వలేదు.

మూడు వారాలు గడిచినా ఆ కణాలు వెలగలేదు. రోజూ రెండు సీసాలూ కలపడం, నీలి దీపం కింద చూడడం, మొహం వేలాడేసుకోవడం. తేజస్విని మధ్యాహ్నం అన్నం డబ్బా కూడా తెరవడం మానేసింది. తను రాసిందే తప్పేమోనని మొదటినుంచీ అన్నీ తిరగేసింది. చివరికి ఒకరోజు తనలో తనే అనుకుంటున్నట్టు, "వినే కణాల ఒంటిమీద సన్నటి నూగుంటుంది. వైరస్ దాన్ని పట్టుకునే లోపలికి పోవాలి. చల్లబడితే ఆ నూగు ముడుచుకుపోతుంది. కాని వీటిని వెచ్చటి పెట్టెలోనే పెడుతున్నానుగా!" అంది.

సీసా తోముతున్న ముత్యమ్మ చేతులు ఆగిపోయాయి. వెచ్చటి పెట్టెలో రాత్రంతా ఉన్న ఆ వినే కణాల సీసా పొద్దునకి ఒక వాసన వేసేది. పెరుగైతే అలా వదిలేస్తామా, పులిసిపోదూ? అందుకే రోజూ ఎనిమిదింటికి రాగానే దాన్ని తీసి ఫ్రిజ్‌లో పెట్టేది. తేజస్విని వచ్చే ముందు చల్లదనం పోయేలా కాసేపు బల్లమీద ఉంచి, మళ్లీ పెట్టెలో పెట్టేసేది. అడక్కుండా చేసిన ఉపకారం అది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రేపటినుంచి మానేస్తే చాలు, కణాలు వాటంతటవే వెలుగుతాయి. ముత్యమ్మ చేతిలో సీసా కింద పెట్టేసింది. ఎనిమిదేళ్లుగా తను చేస్తున్నది సరిగ్గా ఇదే కదా.

"మేడం, గా సీసాను రోజు పొద్దుగాల ఫ్రిజ్‌ల పెట్టింది నేనే. పులుస్తదేమోనని పెట్టిన. నా తప్పే" అంది.

"మూడు వారాలండీ!" అని తేజస్విని గట్టిగా అరిచింది. కుర్చీలో కూలబడింది. తర్వాత మెల్లగా, "చెప్పారు కాబట్టి బతికాను. లేకపోతే లోపం నా రాతలోనే ఉందనుకుని అంతా పారేసేదాన్ని" అంది.

మర్నాడు నీలి దీపం కింద సీసా లేతపచ్చగా వెలిగింది. తేజస్విని చప్పట్లు కొడుతుంటే ముత్యమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆదివారం ముత్యమ్మ బొంతపల్లిలో సందు మొదట్లో ఆగలేదు. రాధమ్మ వాకిట్లో చాప పరుచుకుని చింతపండు గింజలు తీస్తోంది. అలికిడికి ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడింది.

"అక్కా, గా దినం ఎవ్వలు తొందరపెట్టలే" అంది ముత్యమ్మ నిలబడే. "పెద్దమనిషి ఐలన్న నన్ను అడిగిండు. రాధమ్మ పటాన్‌చెరుల దిగిందట, జెర ఆగుదామా అన్నడు. నేనే ఆగొద్దన్న. పదకొండు నెలలు అమ్మకు అన్నీ నేనే చేసిన, నువ్వు రెండుసార్లు వచ్చి చూసిపోతివి. గా కోపం. అమ్మ ముఖం నిన్ను చూడనియ్యంది నేనే."

రాధమ్మ చేతిలో గింజ చాపమీద పడింది.

"ఎరుకే" అంది. "నెల తిరగకముందే ఐలన్న వచ్చి చెప్పిండు. నువ్వెప్పుడు చెప్తవా అని చూసిన. ఏడాదికోసారి ఎవలో ఒకలు వచ్చి మంచిగున్నవా అంటరు. ఏం మంచిగుంట?"

రాధమ్మ చింతపండు ఒక పక్కకు జరిపింది.

"కూసో. ఇగ చెప్పు. అమ్మ ముఖం ఎట్లుండె?"

ప్రశాంతంగా ఉందని, నిద్రపోయినట్టుందని చెప్పాలని నోటిదాకా వచ్చింది ముత్యమ్మకు. మింగేసింది.

"కండ్లు మూతపడలే అక్కా. వాకిలి దిక్కే చూస్తుండె. నేనే మూసిన."

రాధమ్మ చింతపండు అంటిన చేత్తోనే, అమ్మ కళ్లు మూసిన ఆ చెయ్యి అందుకుని, మొహానికి ఆనించుకుని ఏడ్చింది.