బురదల నడుం దాకా

ఆ పొద్దు చెరువు కాడ, ఫొటోలు తీసుడు నేర్పే మా సార్ పెట్టిన షరతు ఒక్కటే: నోరు తెరవొద్దు. "ఫారెస్టోళ్లు బోర్డు పెట్టిన జాగా ఇది. ఒక్కలు అరిసినా కొంగలన్ని లేస్తయ్. ఫోన్లు బందు పెట్టుండ్రి" అన్నడు. మా యువజన సంఘం పిల్లలమంత తలలూపినం. రామన్నపేట నుంచి తెల్లారకముందే ఆటోల వచ్చినం, కొంగల ఫొటో లేకుంట పోతమా?

నా చేతుల ఉన్న కెమెరా మా అన్నది. పెండ్లిళ్ల ఫొటోలు తీసి బతుకుతడు. "దీనికి నీళ్లు తగిల్నయో, నిన్ను ఇంట్లకు రానియ్య" అని మరీ మరీ చెప్పి ఇచ్చిండు. అందరు కెమెరాలు పట్టుకోని గట్టు మీద తుమ్మచెట్ల సాటుకు కూసున్నరు. నా పానం ఆగుతదా? ఇంకింత దగ్గరికి పోదామని కిందికి దిగిన. నీళ్లు ఎనక్కి పోయిన మట్టి, పైన ఎండి పగుళ్లిచ్చింది. గట్టిగనే ఉన్నదనుకున్న. జర ముందటికి పోయిన్నో లేదో, ఒక కాలు దిగబడ్డది. దాన్ని గుంజబోతే రెండోది దిగింది. మోకాళ్లు, తొడలు, ఆఖరికి నడుం దాకా. కెమెరాను రెండు చేతులతోని నెత్తి మీదికి లేపిన.

గట్టు మీద నా దోస్తు ఉన్నది. మా ఇంటెన్క ఇల్లే వాళ్లది, చిన్నప్పటిసంది ఒక్కదగ్గర్నే పెరిగినం. దాని కండ్లు గూడ కొంగల మీదనే. అరుద్దామంటే సార్ మాట యాదికొస్తాంది. పాడువడ! సావనైన సావాలె గని కొంగల లేపొద్దా? చేతులు గుంజుతున్నయ్. కదిలినకొద్ది ఇంకింత దిగుతున్న. మస్తు భయమైంది. బురద పొట్ట మీదికొచ్చినంక ఇగ ఆగలే.

"ఓ పోరీ, రాయే! మునుగుతున్ననే!"

కొంగలన్ని ఒక్కపారే లేసినయ్. ఉరికొస్తరని చెవులు పెట్టి ఇన్న. అడుగుల సప్పుడు రాలే. ముందుగాల కెమెరాల సప్పుడొచ్చింది, టకటక టకటక. కొంగలు అవతలి గట్టు దాటేదాక అది ఆగలే. అటెన్క ఉరికొచ్చిన్రు. చున్నీలు ముడేసి ఇసిరి, తిట్టుకుంట గుంజిన్రు. కెమెరాకు చుక్క తగల్లే.

ఆ ఫొటోలల్ల ఒకటి నల్లగొండల ప్రదర్శనకు పెట్టిన్రు. నా దోస్తు తీసిందే. మొదటి బహుమతి గూడ దానికే. కింద 'స్వేచ్ఛ' అని పేరు రాసిన్రు. మా అమ్మను తోల్కపోయిన. వచ్చినోళ్లందరు రెక్కలు సూసి అబ్బ, అబ్బ అంటున్నరు. అమ్మ వంగి కింది మూలకు సూసింది. అక్కడ ఇంతింత రెండు చేతులు, వాటి నడుమ కెమెరా.

"గివి నీ చేతులు గాదె బిడ్డా?" అన్నది.

"నాయే."

"మరి అరవకపోతివి?"

"అరిసిన్నే అమ్మా. గందుకే కొంగలు లేసినయ్."

అమ్మ ఫొటోల ఆ చేతుల మీద ఏలు పెట్టింది. "మరి గీ ఫొటో తీసినోళ్లకు ఇనవడలేదా?" అని అడిగింది.

దోస్తు మా పక్కన్నే ఉన్నది, బహుమతి పట్టుకోని.