ఒక మొహానికి పదకొండు నోళ్లు

ఫోటో స్టూడియోలో ఆయన్ని అందరూ ఓకే బాబాయి అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. కంప్యూటర్ తెర మీద ఏ చిన్న పెట్టె మొలిచినా, అందులో ఏం రాసుందో చూడకుండా ఠక్కున ఓకే నొక్కేయడం ఆయనకు అలవాటు. అన్నం పళ్లెం మీద వాలిన ఈగను తోలినట్టు తోలేసేవాడు. “అది ఏదో చెబుతోంది కదా బాబాయ్” అని పక్క బల్ల వాళ్లు అంటే, “అది చెప్పేవన్నీ వింటూ కూర్చుంటే ఇంక పనెప్పుడు చేస్తాం?” అనేవాడు. అయినా మనలో ఎంతమందిమి చదువుతున్నాం గనక, పాపం ఆయన్నొక్కణ్ణే ఆడిపోసుకోవడం!

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టడానికి లేదు. పాత ఫోటోలు బాగుచేయడం ఆయన వృత్తి. చెదలు కొట్టినవి, తడిసి అద్దానికి అతుక్కుపోయినవి, ఎవరో కోపంలో చింపేసి ఆనక ఏడుస్తూ అతికించుకున్నవి, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. కంప్యూటర్లు రాకముందు సన్నటి కుంచెతో చేత్తోనే చేసేవాడు. ఆ కుంచె పోయి మౌసు వచ్చింది గాని, ఆనాటి భయం మాత్రం ఒంట్లోంచి పోలేదు. కుంచెతో ఒక్క గీత తప్పు పడిందా, దాన్ని మళ్లీ సరిచేయడం ఎవరి తరమూ కాదు మరి. అందుకని కంప్యూటర్లో ఆయన దేన్నీ తీసేసేవాడు కాదు. చిన్న మార్పు చేయాలన్నా మొత్తం ఫోటోకి ఇంకో కాపీ తీసి, పాతదాని మీద పొరలా పరిచి, కావలసినంత మేర ఉంచుకుని మిగతాది దాచేవాడు. నచ్చని పొరని కనబడకుండా చేసేవాడే గాని పారేసేవాడు కాదు. “ఎప్పుడు ఏది కావాల్సొస్తుందో ఎవడికి తెలుసు?” అనేవాడు. ఇంట్లో ఆవిడ సరిగ్గా ఇదే మాట చెప్పి మూతల్లేని డబ్బాలతో అటక నింపేసింది. ఆవిణ్ణి మాత్రం రోజూ దెప్పుతాడు, అదేం న్యాయమో!

అలాంటి మనిషి చేతిలో దర్జీ ఆవిడ ఫోటో పడింది.

ఆవిడ కుట్టు దుకాణం రెండు వీధుల అవతల. వయసు అరవై దాటింది. తెచ్చిన ఫోటో అరచేతిలో పట్టేంతది. ఇద్దరు ఆడపిల్లలు ఒక బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పెద్దది ఈవిడే. పక్కనున్న అయిదేళ్లది చెల్లెలు. ఫోటో తీసిన ఏడాదే జబ్బు చేసి పోయిందట. ఆ పిల్లకు లోకంలో మిగిలిన ఫోటో అదొక్కటే. దాన్ని ఎవరో నాలుగు మడతలు పెట్టి ఎన్నో ఏళ్లు దాచారు. ఆ మడత పోయిపోయి సరిగ్గా చిన్నదాని నోటి మీదుగా పోయింది. అక్కడ కాగితం పొట్టు రాలి, పెదవులు ఉండాల్సిన చోట తెల్లటి చార మిగిలింది.

“నోరు ఎలా ఉండేదమ్మా?” అని అడిగాడు బాబాయి.

“బుద్ధిగా మూసుకుని ఉందన్నయ్యగారూ” అంది ఆవిడ.

సరేనని మూసిన నోరు పెట్టాడు. రెండ్రోజుల తర్వాత వచ్చి చూసి, “కాదు కాదు, కొంచెం నవ్వుతోంది” అంది. నవ్వు పెట్టాడు. మళ్లీ వచ్చి, “ఇంత కాదేమో, పెదవి చివర్న మాత్రమే” అంది. ఆ తర్వాత పళ్లు కనబడాలంది. ఆ తర్వాత అలిగినట్టు మూతి ముడిచి ఉందంది. ఇంకోడికైతే తలప్రాణం తోకకొచ్చేదే గాని, బాబాయి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆవిడ వచ్చినప్పుడల్లా ఇంకో కాపీ, ఇంకో పొర, ఇంకో నోరు. ఏ ఒక్కటీ తీసేయలేదు.

ఆ రోజు పొద్దున్న నోటి జోలికి పోకుండా చిన్నదాని కళ్ల పని పట్టుకున్నాడు. బూజు మచ్చలు కనుపాపల్ని పూర్తిగా కమ్మేశాయి. ఒక్కో చుక్కా తీసుకుంటూ, ఊపిరి కూడా మెల్లగా వదులుతూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అంత బాగా ఆయన చేతిలో ఈమధ్య ఏ పనీ కుదరలేదు. మచ్చల కిందనుంచి రెండు కళ్లు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. పొంగిపోయి సేవ్ నొక్కాడు.

పెట్టె వచ్చింది. ఓకే కొట్టాడు. మళ్లీ సేవ్ నొక్కాడు. మళ్లీ పెట్టె. మళ్లీ ఓకే. మూడోసారి బాణం గుర్తు కాస్తా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

పొద్దున్నుంచీ చేసిందేదీ ఇంకా సేవ్ కాలేదు. కంప్యూటర్ ఆగిపోయిందంటే ఆ కళ్లు పోయినట్టే. మళ్లీ కూర్చుంటే అలా వస్తాయన్న నమ్మకం ఆయనకి లేదు. పైగా దర్జీ ఆవిడ, ఈసారి మాట మార్చనని, సాయంత్రం వచ్చి ఫోటో తీసుకెళ్తానని కబురు చేసింది. వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు. వాడు కంప్యూటర్లు బాగుచేస్తాడు.

“ఏమంటోంది బావా అది?”

“ఏదో అంది. ఓకే కొట్టేశాను.”

“ఎప్పట్నుంచి అంటోంది?”

బాబాయి నీళ్లు నమిలాడు. “వారం నుంచీ అప్పుడప్పుడూ అంటూనే ఉందిలే.”

“వారం నుంచా! నీకో దణ్ణం బావా. ఇప్పుడు మళ్లీ సేవ్ నొక్కు. పెట్టె రాగానే చెయ్యి మౌసు మీంచి తీసి ఒళ్లో పెట్టుకో. ఉన్నది ఉన్నట్టు చదువు, సొంత కవిత్వం వద్దు.”

తిరిగే గుర్తు కాసేపటికి ఆగింది. బాబాయి కళ్లజోడు సర్దుకుని, బుద్ధిగా చెయ్యి ఒళ్లో పెట్టుకుని చదివాడు. “స్క్రాచ్ డిస్కులు నిండిపోయాయట. అందుకని సేవ్ చెయ్యలేదట.”

“అదీ సంగతి! దానికి పని చేసుకునే చోటు లేదు బావా. బల్ల నిండా బట్టలు పరిచేస్తే కత్తెర ఎక్కడ ఆడించాలి?”

వాడు చెప్పినట్టే చెత్తబుట్ట ఖాళీ చేశాడు. స్టూడియో వాళ్ల వీడియోలు కొన్ని పెన్‌డ్రైవ్‌లోకి మార్చాడు. చోటు దొరికింది. సేవ్ నొక్కగానే దొరికిన చోటంతా గుటుక్కున మింగేసి, ఆ పెట్టె మళ్లీ ప్రత్యక్షమైంది.

“ఎంత పెట్టినా తినేస్తోంది. నీ ఫైలే లావెక్కింది” అన్నాడు బావమరిది. “ఎన్ని పొరలున్నాయేంటి అందులో?”

“ఉన్నాయిలే చాలా. నోళ్లే పదకొండు.”

“ఒక్క మొహానికి పదకొండు నోళ్లా! మా అక్కకున్న ఒక్క నోటికే తట్టుకోలేవు కదయ్యా నువ్వు!” వాడు పడీ పడీ నవ్వి, ఆ తర్వాత తీరిగ్గా అన్నాడు. “ఒకటి ఉంచుకుని మిగతావి తీసెయ్ బావా. వేరే దారి లేదు. కనబడకుండా దాచడం కాదు, తీసెయ్యడం.”

“ఏది ఉంచాలో చెప్పాల్సింది నేను కాదురా.”

“అయితే చెప్పేవాళ్లని అడుగు. అందాకా దాన్ని ముట్టుకోకు.”

దర్జీ ఆవిడ వచ్చేసరికి బాబాయి చేతులు కట్టుకుని, కంప్యూటర్‌కి కాపలా కాస్తున్నట్టు కూర్చుని ఉన్నాడు. ఆవిడకి కుర్చీ వేసి ఉన్నమాట చెప్పేశాడు. “అమ్మా, ఇన్నిటిని ఇది మొయ్యలేనంటోంది. ఒక్క నోరు ఉంచి తక్కినవి తీసెయ్యాలి. తీసేస్తే మళ్లీ రావు. ఏది ఉంచమంటారో మీరే చెప్పండి.”

ఒక్కో నోరూ తెర మీదకి తెచ్చి చూపించాడు. మూసిన నోరు, నవ్వే నోరు, అలిగిన నోరు. పదకొండూ అయ్యాయి. ఆవిడ మళ్లీ మొదట్నుంచి చూపించమంది. మళ్లీ చూపించాడు. ఆవిడ పైట చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

“అన్నయ్యగారూ” అంది చివరికి. “నాకు గుర్తు లేదండీ.”

బాబాయి మౌసు వదిలి ఆవిడ వైపు తిరిగాడు.

“ఏ నోరూ గుర్తు లేదు. మొదట్రోజు నుంచీ లేదు. ఏదో ఒకటి పెడితే అదిగో అదేనని తట్టకపోతుందా అని తిప్పించాను మిమ్మల్ని.” ఆవిడ చెంగు వేలి మీంచి విప్పేసింది. “ఈ వీధుల్లో ఎవరి భుజం కొలతెంతో, ఎవరి నడుమెంతో అడగండి, టేపు పెట్టకుండా చెబుతాను. చచ్చిపోయినవాళ్లవి కూడా చెబుతాను. తోడబుట్టినదాని మూతి ఎలా ఉండేదో చెప్పలేకపోతున్నాను. దాన్ని చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. నేను కూడా మర్చిపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ?”

బాబాయి లేచి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆవిడ తాగి, గ్లాసు ఒళ్లో పెట్టుకుంది.

“మర్చిపోయింది నేనైతే దాని మొహానికి అబద్ధం ఎందుకు? అన్నీ తీసెయ్యండి” అంది.

“అన్నీనా? మడత అలాగే కనబడుతుందమ్మా.”

“కనబడనివ్వండి.”

చేతిలోంచి మడతతో ఫోటో బయటికి పంపడం ఆయనకి తల కొట్టేసినంత పని. అయినా ఎదురు చెప్పలేదు. ఒక్కొక్క నోటినీ తీసేశాడు. ప్రతిసారీ నిజంగా తీసెయ్యమంటారా అని పెట్టె అడిగింది. ప్రతిసారీ మొదట్నుంచి చివరిదాకా చదివి, ఆవిడ తలూపాకే నొక్కాడు. ఆఖర్న సేవ్ నొక్కాడు. సేవ్ ఎంతవరకు అయిందో చూపే పచ్చటి గీత నెమ్మదిగా ఆ చివరిదాకా పాకి మాయమైంది. పెట్టె రాలేదు. కళ్లు దక్కాయి.

“అయిందమ్మా” అంటూ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

తెర మీద చిన్నది ఉంది. నోటి దగ్గర అదే తెల్లటి చార. ఆవిడ కళ్లజోడు తుడిచి పెట్టుకుని ముందుకి వంగింది.

“ఈ కళ్లు మీరు పెట్టారా?”

“అబ్బే, లేదమ్మా. పొద్దున్నుంచీ మచ్చలు తీశానంతే. నేను ఒక్క గీత కూడా గీయలేదు.”

“ఒట్టు?”

“ఒట్టు. అవి ఆ పిల్లవే.”

ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. “ఇన్నిసార్లు వచ్చాను గాని, నోరు తప్ప ఏదీ చూడలేదు. ఇవి మా అమ్మ కళ్లండీ. అచ్చం అవే. మా అమ్మకి ఫోటో లేదు అన్నయ్యగారూ. ఒక్కటంటే ఒక్కటి లేదు.”

బాబాయి మౌసు అందుకుని కళ్ల దగ్గర ఫోటోని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. బెంచీ, అక్క, మడత అన్నీ పక్కలకి జరిగిపోయి తెర నిండా రెండు కళ్లే మిగిలాయి. ఆవిడ వాటికేసి చూస్తూ “అమ్మా” అంది.