అత్త గొంతు ఎక్కించిన యాప్

మొన్న ఫోను మోగితే ఎత్తాను. తేనె పూసినట్టున్న యంత్రపు గొంతు ఒకటి, ఆసుపత్రిలో మీ గ్రూపు రక్తం కావాలి, రాగలిగితే ఒకటి నొక్కండి అంది. నొక్కాను గాని, మనసు మాత్రం మనమంతా ఫోను అద్దం మీద వేలు రాయడం నేర్చుకుంటున్న ఆ రోజుల్లోకి పోయింది.

భోగాపురం తీరం నుంచి శృంగవరపుకోట దాకా రక్తదాతలను కూడగట్టే మా సేవాసంఘంలో జీతమంటూ ఎవరికీ లేదు. నడిపింది చేపల వ్యాపారం చేసే మా మేనత్త. ఆమె ఒడ్డున నిలబడి కేకేస్తే పడవలే కాదు, వలలో పడని చేపలు కూడా వెనక్కి తిరిగేవి. ఎవరికి రక్తం కావలసినా దాతలకు ఒక్కొక్కరికీ ఫోను చేసి, ముందు తిట్టి, తరవాత సంగతి చెప్పేది. చివరికి గొంతు బొంగురుపోయి, డాక్టరు మాట్లాడవద్దన్నాక, కంప్యూటర్ల పని తెలిసిన నన్ను పిలిచి ఈ బరువంతా యంత్రానికి ఎత్తమంది. యాప్ తయారు చేయించి, దాతలందరి ఫోన్లలోకీ ఎక్కించి, ఇక నేను వేలు కదిపితే జిల్లా అంతా లేచొస్తుందని అందరి దగ్గరా కోతలు కోశాను.

మొదటి పరీక్ష మా చెల్లెలికే వచ్చింది. విజయనగరం ఆసుపత్రిలో కాన్పయ్యాక నెత్తురు ఆగలేదు, వెంటనే దాతలు కావాలన్నారు. వేలు కదిపాను. అందరూ చూసినట్టు తెర మీద గుర్తులు పడ్డాయి, ఒక్క మనిషీ రాలేదు. గుమ్మం వైపు చూసి చూసి, ఆగలేక, దగ్గర్లోనే బట్టల కొట్టున్న స్నేహితుడికి ఫోను చేసి విరుచుకుపడ్డాను.

"సూసాను బావా! అందరికీ మెసేజీ ఎట్టేవు కదా, ఎవులో ఒకలు ఎల్తార్లే అనుకున్నాను. నాకని సెప్తే రానేటి?"

ఇంటికొచ్చి బొట్టుపెట్టి, పేరుపేరునా పిలిస్తే తప్ప పెళ్ళి భోజనానికైనా కదలని మనుషులం మనం. దండోరా వేస్తే నెత్తురివ్వడానికి కదులుతామా! సంగతి చెప్పగానే అత్త డాక్టరు మాట గాలికొదిలి, ఆ బొంగురు గొంతుతోనే ఫోను అందుకుంది.

"ఒరే, నిన్నేరా! మా పిల్ల అక్కడ పడుంటే నువ్విక్కడేటి సేస్తన్నావు?"

కొట్టు కట్టేసి స్నేహితుడూ, వలలు ఇసకలోనే వదిలేసి మా బావలూ వచ్చారు. వరండా అంతా చేపల వాసన. నర్సు ముక్కు మూసుకుంది గాని, అంతకన్నా మంచి వాసన నేనిప్పటికీ ఎరగను. చెల్లెలికి గండం గడిచిందని డాక్టర్లు చెప్పాక ఆ వరండాలోనే కూలబడి, హాయిగా ఏడ్చాను.

గొంతు తేరుకున్నాక అత్త చేత దాతలందరినీ పేరుపేరునా తిట్టించి, రక్తం కావలసినప్పుడు ఎవరి ఫోనులో వాళ్ళ తిట్టు మోగేలా యాప్‌లో పెట్టాను. ఒక పెద్దమనిషి ఆ రికార్డుతోనే వాదన పెట్టుకుని, ఓడిపోయి, వచ్చి రక్తమిచ్చి, ఆవిడ నా మాట అసలు వినిపించుకోదండీ అని నాతో మొరపెట్టుకున్నాడంటే మీరు నమ్మాలి మరి.

ఇప్పుడు సంఘం పెద్దదయింది. తిట్లు బాగుండవని అత్త గొంతు తీసి యంత్రపు గొంతు పెట్టారు. దాతలు వస్తూనే ఉన్నారు, పని ఎక్కడా ఆగడం లేదు, అది చాలు. అయినా మొన్న ఒకటి నొక్కాక కూడా ఫోను చాలాసేపు చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను, ఎవరైనా తిడతారేమోనని.