పిడికిట్లో ముద్ద కట్టిన పొట్టు

1980 వేసవి. ధర్మవరంలో మా మామగారు పెట్టిన కలప అడితిని నేను చూసుకోవడం మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లు. ముందు గదిలో వడ్రంగి సామాన్లు, వెనక దొడ్డిలో కట్టె. నాది కాస్త నోటి దురుసు. కొనడానికి వచ్చినవాడు తనకేం కావాలో తెలియక తడబడితే నాకు ఒళ్లు మండేది. అడగకపోయినా నాలుగు చీవాట్లు పెట్టి, వాడికి పనికొచ్చేదే చేతికిచ్చి పంపేవాణ్ణి. ఊళ్లో నాకు మంచి పేరే ఉండేది.

అది వరసగా రెండో కరువు ఏడు. బావులు అడుగంటాయి. చుట్టుపక్కల పల్లెల రైతులు చేలగట్ల మీద నిలువునా ఎండిపోయిన చెట్లను కొట్టి బండ్ల మీద తెచ్చి అమ్ముకునేవారు. నా దొడ్డి నిండా అలాంటి మొద్దులే. కొనేవాళ్లు మాత్రం లేరు.

ఒకరోజు పొద్దున నలభై ఏళ్ల మనిషొకడు గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. పేరు నాగభూషణం.

"అన్నా, ఇంట్లోనే వడ్రంగం పని పెట్టుకోవాలనుకుంటాండా. ఏమేం సామాన్లు గావాలో చెప్పు."

"నువ్వు వడ్రంగివా?"

"కాదు, మగ్గమోణ్ణి. మోకాళ్లు పోయినాయి. గుంటలోకి దిగితే మళ్లా ఎవురో ఒకరు పైకి లాగాల."

గుంట మగ్గం మీద నేసేవాళ్లు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని రోజంతా తొక్కాలి. ఇరవై ఏళ్లు తొక్కేసరికి ఇతని కాళ్లు అరిగిపోయాయి. అయితే చేతుల్లో నేర్పుంది. వీధిలో ఎవరి మగ్గం చెడినా ఎరువు తెచ్చిన ఉలితో ఇతనే బాగుచేసేవాడట. ఆ ధైర్యంతో తన మగ్గాన్ని బామ్మర్దికి అమ్మేసి, ఆ డబ్బుతో పనిముట్లు కొనడానికి వచ్చాడు. నేతగాడు మగ్గం అమ్ముకున్నాక వెనక్కి పోవడానికి దారి ఉండదు. అది నాకు తెలుసు.

అతని చూపు అద్దాల బీరువాలోని ఇరవై పనిముట్ల పెట్టె మీద పడింది.

"ఆ పెట్టె పెండ్లిలో చదివించేదానికి బాగుంటాది. పని చేసేదానికి కాదు," అన్నాను. "ఒక రంపం తీసుకో. ప్లేన్లు రెండు తీసుకో."

ప్లేన్ అంటే చిత్రిక పట్టే పనిముట్టు. పొడవుది కట్టెను తిన్నగా చేస్తుంది, పొట్టిది నున్నగా చేస్తుంది. ఉలులు మూడు చాలు. ఒక మూలమట్టం, బెజ్జాలకు ఒక బరమా. సానరాయి దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదన్నాను. పదును లేని మంచి ఉలి కన్నా పదునున్న నాసిరకం ఉలి నయం. కట్టెను బిగించి పట్టే ఇనుప వైస్ అడిగితే వద్దన్నాను. బల్ల చివర ఒక చెక్క దిమ్మె కొట్టుకుంటే కట్టె దానికి ఆని నిలబడుతుంది.

"నీ మోకాళ్లు వంగవు కదా. కింద కూర్చుని చేసే పని పెట్టుకోవద్దు. నీ నడుమెత్తు బల్ల చేసుకో," అని కూడా చెప్పాను.

అతను తలూపి, పంచె మడతలోంచి ఒక పట్టుపోగు తీశాడు. ప్లేన్‌ను తిరగేసి, దాని అడుగున ఆ పోగును రెండు చేతులతో బిగించి పట్టి, వెలుగుకేసి చూశాడు. పోగుకూ ప్లేన్‌కూ నడుమ సందు కనిపిస్తే పక్కన పెట్టేశాడు. నాలుగింటిలో రెండు అలా పోయాయి. ఆరేళ్లలో ఏ వడ్రంగీ నా అంగడిలో సరుకును అలా పరీక్షించలేదు. కోపమూ వచ్చింది, మనిషి మీద ఇష్టమూ కలిగింది.

కట్టె సంగతి తర్వాత వచ్చింది. ముప్పై మగ్గాలకు పట్టు ఇచ్చి నేయించే సుబ్బరాయప్ప అనే షావుకారు ఇతనికి ఒక దోనె చేయమని చెప్పాడట. నేసిన చీరను చుట్టుకుంటూ పోయే అయిదడుగుల దిమ్మెను దోనె అంటారు. అది బాగుంటే మిగతా మగ్గాలకూ ఇతనే చేయాలి. ఆ ఒక్క దోనె మీదే ఇతని బతుకంతా ఉంది. టేకు కొనే తాహతు లేదు. నేను దొడ్డిలోని వేప మొద్దు చూపించాను.

"ఆరినదేనా అన్నా?"

"నిలువునా ఎండి చచ్చిన చెట్టుదప్పా. ఇంకేమి ఆరాల దానికి?"

ఆ మాట నేనొక్కణ్ణే కాదు, మా ప్రాంతంలో ఎవరైనా అనేవారు. మామూలుగా కోసిన కట్టెను నీడలో దొంతర పెట్టి, మధ్యలో పుల్లలు పెట్టి, నెలల తరబడి గాలికి ఆరనిస్తాం. దాన్నే సీజనింగ్ అంటారు. కరువుకు చచ్చిన చెట్టుకు ఆ అవసరం లేదని మా నమ్మకం. మనుషుల గొంతులే తడారిపోతున్న చోట, మోడు కడుపులో నీళ్లుంటాయని ఎవరికి తోస్తుంది?

పక్కనే ఉన్న కోత మిషనుకు మొద్దును దొర్లించుకుపోయాం. నాగభూషణం నా పక్కనే నిలబడ్డాడు. రంపం మధ్యకు చేరగానే అలవాటు కొద్దీ కింద పడుతున్న పొట్టును పిడికిట్లోకి తీసుకుని నొక్కి వదిలాను. ఎండిన కట్టె పొట్టయితే వేళ్ల సందుల్లోంచి రాలిపోవాలి. ఇది ముద్ద కట్టింది. అరచేతికి చల్లగా తగిలింది.

లోపల తడి ఉందని, ఆరేకొద్దీ మెలి తిరుగుతుందని నాకు తెలిసింది. అప్పుడే "ఇది వద్దు, ఆర్నెల్లాగు" అని ఉంటే సరిపోయేది. కానీ అప్పటికే మొద్దు సగం చీలింది. నెలరోజుల్లో దొడ్డి నుంచి కదిలిన మొదటి మొద్దు అది. పైగా నా అంతటివాడు చెప్పిన మాటను అంతలోనే వెనక్కి తీసుకోవడం నామోషీగా అనిపించింది. చేయి లుంగీకి తుడుచుకున్నాను.

వారం తిరక్కుండా నాగభూషణం దోనె చేసి, అంగడికి తెచ్చి చూపించాడు. వెంట అతని భార్య వెంకటలక్ష్మి కూడా వచ్చింది. దోనెకు పసుపు రాసి, కుంకుమ పెట్టారు. పట్టుపోగు బిగించి చూపిస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా వెంట్రుకవాసి సందు లేదు.

"ఇప్పుడు ఎవురన్నా నన్ను మగ్గమోణ్ణి అంటారా అన్నా?" అని నవ్వాడు. అతను నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆషాఢంలో మా వైపు గాలి తెలుసు కదా, తడి గుడ్డను గడియలో అట్టలా చేస్తుంది. ఆ గాలిలో ఒక మధ్యాహ్నం సుబ్బరాయప్ప ఆ దోనెను జట్కాలో వేసుకుని వచ్చి నా మెట్ల మీద పడేశాడు. వెనకే నాగభూషణం గోడ పట్టుకుంటూ వచ్చాడు. దోనె నడుము దగ్గర వంగి, ఒక కొస మెలి తిరిగింది. పడుగు ఒకచోట బిగుసుకుని, ఒకచోట వదులై, శ్రావణ ముహూర్తానికి అందాల్సిన పెండ్లి చీర సగంలో చెడిపోయిందట.

"నువ్వు కట్టె తెలిసినోడివి. నిజం చెప్పు," అన్నాడు షావుకారు. "తప్పు కట్టెలో ఉండాదా, చేసినోడి చేతిలో ఉండాదా?"

దొడ్డిలో అలాంటి మొద్దులు ఇంకా పదిహేనున్నాయి. అంగడిలో మరో ముగ్గురు బేరగాళ్లు నిలబడి వింటున్నారు.

"కట్టె ఎండిందే సామీ," అన్నాను.

నాగభూషణం నా మొహం వంక చూశాడు.

షావుకారు అతని వైపు తల తిప్పి, "మగ్గం సంగతే చూసుకుని ఉంటే సరిపోయేది కదప్పా నీకు," అని జట్కా ఎక్కాడు. సాయంత్రానికి నేతవీధులన్నిటికీ ఆ మాట పాకింది. ఆ తర్వాత అతనికి ఎవరూ పీట కూడా చేయమని చెప్పలేదు. పనిముట్లు ఒక్కొక్కటే అమ్ముకుంటున్నాడని విన్నాను. నా దగ్గరికి మాత్రం ఒక్కటీ తేలేదు. చివరికి మొగుడూ పెళ్లాలిద్దరూ కరువు పనికి, రోడ్డుకు కంకర కొట్టడానికి పోయారు. ఆ పని కూర్చునే చేయాలి.

ఆ దోనె నా మెట్ల పక్కనే గోడకు ఆనించి ఉండిపోయింది. పారేయాలంటే చేయి రాలేదు.

మరుసటి వేసవిలో నాగభూషణం వచ్చాడు. చేతిలో కర్ర, కళ్లలో రాతిపొడి ఎరుపు. కూర్చోమన్నా కూర్చోలేదు. దోనె దగ్గర ఆగి, వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఖంగుమంది.

"ఇప్పుడు ఆరిందన్నా ఇది. చిత్రిక పడితే మల్లా తిన్నగా వస్తాది. ఇంక మెలి తిరగదు."

"తీసుకుపోప్పా. ప్లేన్ నేనిస్తా," అన్నాను.

"ఎవురు కొంటారన్నా నా చేతిది?" అని దోనె మీది నుంచి చేయి తీశాడు. "కంకర కాడ నా పక్కన కదిరి వడ్రంగి ఒకాయన కొడతాండ్య. ఆయప్ప జెప్పినాడు, పొట్టు పిడికిట్లో పట్టి చూస్తే తెలిసిపోతాదని. ఆ పొద్దు నువ్వు పట్టినావు కదా. నేను నీ పక్కనే నిలబడి చూస్తాంటి. ముద్ద కట్టిందా?"

"కట్టింది," అన్నాను.

"అది నా చేతి తప్పేమో అని యాడాదిగా నిద్ర పట్టల్యా. అడిగిపోదామనే వచ్చినా," అని కర్ర ఊతంతో మెట్లు దిగిపోయాడు.

ఆ రోజు నుంచి కోసిన ప్రతి పలక కొసన కోసిన నెల సుద్దతో రాయిస్తున్నాను. ఇంట్లో పని పెట్టుకునేవాళ్లు వస్తే పనిముట్ల కన్నా ముందు కట్టె గురించి చెబుతాను. పొట్టు వాళ్ల పిడికిట్లోనే పెట్టి నొక్కమంటాను. నన్ను నమ్మవద్దనీ చెబుతాను. అందరూ మెచ్చుకుంటారు. కానీ నేను నిజం చెప్పాల్సింది వీళ్లకు కాదు. సుబ్బరాయప్ప ఇల్లు మా అంగడికి నాలుగు వీధుల అవతల. నాగభూషణం వచ్చిపోయాక కూడా ఆ షావుకారు అయిదేళ్లు బతికే ఉన్నాడు. ఆ వాకిలి ముందు నుంచి ఎన్నోసార్లు నడిచిపోయాను గానీ, ఒక్కసారీ లోపలికి పోలేదు.