ఉప్పులో పడిన సొర ముక్క

2014లో, నౌపడకు దగ్గర్లోని మా రేవులో సొరల పరిశోధన కోసం నన్ను నమూనాలు సేకరించే పనికి పెట్టుకున్నారు. ఆ పరిశోధనలో అన్నిటికన్నా కింది మెట్టు నాది. నా పైన విశాఖలో ఒక మేడం.

మచ్చల పెద్ద సొర, అదే తిమింగల సొర, వలలో పడితే చట్టం ప్రకారం వదిలెయ్యాలి. వదిలే ముందు రెక్క అంచున చింతగింజంత ముక్క కోసి, వెంటనే స్పిరిట్ సీసాలో వెయ్యాలి. అందులోని జన్యువులు చదివి, మన సొరలూ పడమటి తీరపు సొరలూ ఒకే వంశమో కాదో మేడం తేలుస్తారు. వేరైతే మన వైపున్న కాసిన్నింటినీ విడిగా కాపాడుకోవాలి. మా రేవులో అప్పటిదాకా ఒక్క ముక్కా దొరకలేదు.

ఆ చలికాలం ఒక పొద్దున్న పడవంత సొర వలలో చిక్కింది. వలవాళ్ళు గొణుక్కుంటూనే వల విప్పారు. నడుంలోతు నీళ్ళలో నిలబడి ముక్క కోశాను. తోడికోడలు ఎల్లమ్మ చేతిలో పెట్టి, ఒడ్డున నా సంచి ఉంది, కుళ్ళకుండా చూడమని చెప్పి, సొరను లోతుకు తొయ్యడానికి అందరితోపాటు పోయాను. అది తోక విదిలించి, మమ్మల్నందరినీ తడిపి వెళ్ళిపోయింది. రేవంతా ఒకటే కేకలు, నవ్వులు.

ఒడ్డుకు వచ్చి చూస్తే ముక్క ఉప్పులో ఉంది. ఎల్లమ్మది ఎండుచేపల పని.

"ఏటి సేసావే ఒసే! సంచిలో సీసా కనపడలేదా?"

"కుళ్ళకూడదన్నావు కదక్కా. కుళ్ళకుండా ఉప్పు కాక ఇంకేటేస్తారు? నీ సీసా మూత తీత్తే ఆసుపత్రి కంపు!"

సొర పోయింది. మళ్ళీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. తిట్టుకుంటూనే మేడంకి ఫోన్ చేశాను. ఆవిడ పడీపడీ నవ్వారు. ఉప్పు తడిని లాగేస్తుందనీ, తడి లేకపోతే జన్యువులు చెడవనీ చెప్పారు. కడగొద్దు, ఉప్పుతోనే తెమ్మన్నారు.

ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను. చీపురుపల్లిలో ఎక్కిన ఒకామె వాసన పట్టేసింది.

"ఎండు సేపలా పిన్నీ? కాసిన్ని నాకూ ఇద్దూ."

"ఇది కూరకి కాదు, సదవడానికి" అన్నాను. పెట్టెలో అందరూ నన్నే చూశారు.

ముక్క చదవడానికి పనికొచ్చింది. మిగతా రేవుల ముక్కలతో కలిపి చూస్తే మన సొరలూ పడమటి సొరలూ ఒకే వంశమని తేలింది. ఆ కబురు చెబితే ఎల్లమ్మ రేవులో ప్రతి వలవాడినీ ఆపి, "ఒరే, దానికి అటేపు సుట్టాలున్నారంట, సూసుకుని ఒదలండి" అని బెదిరించింది. మరుసటేడు ఇంకోటి పడితే గొణుగుడు లేకుండానే వదిలారు.

ఒక జీవిని కాపాడాలంటే ముందు దాని చుట్టాలు ఎక్కడున్నారో తెలియాలని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. మా రేవులో ఒకటి చస్తే ఆ నష్టం మా ఒక్క రేవుది కాదు.